ఆరో తరగతిలో పెట్టిన టిక్కు: ఒక సెలెక్టివ్ పబ్లిక్ హైస్కూల్ అడ్మిషన్ కేసు

ఇది అమెరికాలో తూర్పు తీరం వైపున్న ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళన్నీ నడిపే స్థానిక సంస్థ, దాని కేసు. పేరు చెప్పను, సీట్లెన్నో కూడా చెప్పను, ఆ ఒక్క నంబరు చెప్తే చాలు ఈ పనిలో ఉన్నవాళ్ళు ఏ ఊరో ఇట్టే పట్టేస్తారు. మనుషుల వివరాలు కూడా గుర్తుపట్టకుండా మార్చాను. కానీ ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నా, ఈ కేసులో నేర్చుకోవాల్సిందంతా అక్కడే ఉంది.

నా పని స్కూల్ డిస్ట్రిక్టులకి అడ్మిషన్ డేటా చూసిపెట్టడం. ఎవరు అప్లై చేస్తున్నారు, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారు, పాలసీ కాగితం మీద రాసుకున్నది నిజంగా జరుగుతోందా లేదా అని లెక్క కట్టి కమిటీ ముందు పెడతాను. మొదటి రోజే కమిటీకి ఒక మాట చెప్పాను, మా పాప కూడా మిడిల్ స్కూల్లోనే (ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉండే స్కూలు) ఉంది, కానీ మేముండేది ఈ డిస్ట్రిక్ట్ కాదు, తను ఇక్కడ అప్లై చేసే అవకాశం లేదు అని. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాలనిపించింది. ఈ విషయం మీద ఆ గదిలో కూర్చున్న ప్రతి మనిషికీ ఏదో ఒక వైపు మనసు లాగుతూనే ఉంటుంది, నాది ఎటో ముందే తెలిస్తే మంచిది కదా.

నేపథ్యం

డిస్ట్రిక్ట్ మొత్తానికి సైన్స్, మ్యాథ్స్ మీద నడిచే సెలెక్టివ్ హైస్కూల్ ఒక్కటే. పన్నుల డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూలే, ఫీజు లేదు, కాకపోతే తొమ్మిదో తరగతిలో చేరాలంటే సెలెక్ట్ అవ్వాలి. పాత పద్ధతి ఏంటంటే శనివారం పొద్దున ఒక ఎంట్రన్స్ టెస్ట్, అందులో కటాఫ్ దాటినవాళ్ళకి జీపీఏ (నాలుగుకి లెక్కేసే గ్రేడ్ల సగటు), టీచర్ రికమెండేషన్లు, ఒక ఎస్సే. అసలు అప్లై చెయ్యాలంటేనే ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ (బీజగణితం మొదటి కోర్సు) చదువుతూ ఉండాలి. మిడిల్ స్కూళ్ళు డజను పైనే ఉన్నాయి, కానీ ఏటా సీట్లలో సింహభాగం రెండు మూడు స్కూళ్ళకే వెళ్ళేది, గిఫ్టెడ్ ప్రోగ్రాం సెంటర్లు, అంటే చదువులో బాగా ముందున్న పిల్లల్ని వేరుగా చదివించే సెంటర్లు, ఉన్న పెద్ద స్కూళ్ళు అవి. కొన్ని స్కూళ్ళ నుంచి వరసగా కొన్నేళ్ళపాటు ఒక్క పిల్లాడు కూడా వెళ్ళలేదు.

వాళ్ళు నన్ను పిలిచిన రోజుల్లో వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ కేసు, అందరూ టీజే అంటారు కదా, అప్పీల్స్ కోర్టులో నడుస్తోంది. అక్కడ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ స్కూల్ బోర్డు 2020లో ఎంట్రన్స్ టెస్ట్ తీసేసింది, 100 డాలర్ల అప్లికేషన్ ఫీజు కూడా తీసేసింది, ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతానికి సమానమైన సీట్లు ఆ స్కూల్లో చదివే పిల్లలకే అని పెట్టింది. మొదటి బ్యాచ్‌లోనే ఏషియన్ పిల్లలకి వచ్చిన సీట్ల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి దిగింది, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లల వాటా అంతకుముందు ఒక శాతం కూడా లేనిది దాదాపు నాలుగో వంతుకి వెళ్ళింది. ఈ రెండిట్లో ఎవరు ఏ నంబరు ముందు ఎత్తుకుంటున్నారో చూస్తే వాళ్ళు ఏ పక్షమో తెలిసిపోయేది. ఇది ఏషియన్ పిల్లల మీద వివక్షేనని తల్లిదండ్రులు కేసు వేస్తే, 2022 ఫిబ్రవరిలో ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు ఆ పాలసీ చెల్లదంది, 2023 మేలో ఫోర్త్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో, చెల్లుతుందంది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు. మా కమిటీ మీటింగులన్నీ దాదాపు ఈ తీర్పుల నీడలోనే జరిగాయి, ప్రతి మీటింగ్‌లో ఒక లాయర్ కూర్చునేవారు.

వచ్చిన సమస్య

మా డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, టెస్ట్ ఉంచాలా తీసెయ్యాలా. ఊళ్ళో గొడవంతా కూడా దాని మీదే. ఒక వైపు టెస్ట్ అంటే కోచింగ్ కొనుక్కోగలిగినవాళ్ళ ఆట అంటారు, ఇంకో వైపు టెస్ట్ తీస్తే మెరిట్ పోయినట్టే అంటారు.

మొదటి పేరెంట్స్ మీటింగ్ ఒక మిడిల్ స్కూల్ లైబ్రరీలో పెట్టారు. అయిపోయాక పార్కింగ్ దగ్గర ఒకాయన ఆగి, "మీరు తెలుగువాళ్ళేనా అండీ" అని అడిగారు. అవునన్నాను. "మావాడు మూడేళ్ళ నుంచి శని ఆదివారాలు సరిగ్గా ఆడుకోలేదండి. రూల్ ఏం పెడతారో పెట్టమనండి, దానికి తగ్గట్టే చదువుతాడు. కానీ వాడు సగం దూరం వెళ్ళాక దారి మార్చెయ్యకండి" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అంతకు అరగంట ముందు లోపల మీటింగ్‌లో వెనక వరసలో కూర్చున్న ఒక తల్లి, పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది, చెయ్యి ఎత్తి ఒకే ప్రశ్న అడిగింది: "ఆ టెస్ట్ ఎప్పుడో మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు, అది ఎక్కడ చెప్తారు?" ఆ గదిలో సమాధానం ఎవరి దగ్గరా లేదు. ఈ రెండు మాటలూ నోట్‌బుక్‌లో ఒకే పేజీలో రాసుకున్నా. తర్వాత రెండేళ్ళు జరిగిన పనంతా చూసుకుంటే ఆ పేజీ దాటి పెద్దగా వెళ్ళలేదనిపిస్తుంది.

నా మొదటి నిర్ణయం బోర్డు ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం. టెస్ట్ ఉండాలా వద్దా అన్నది గేటు దగ్గర అడిగే ప్రశ్న, గేటు దాకా ఎవరొస్తున్నారో తెలియకుండా గేటు వెడల్పు గురించి మాట్లాడి లాభం లేదు. అందుకని ముందు పేర్లు తీసేసిన ఫైల్ తీసుకుని ఒక జల్లెడలాగా వరస గీశాను: ఎనిమిదో తరగతి పిల్లలందరూ, వాళ్ళలో అప్లై చెయ్యడానికి అర్హత ఉన్నవాళ్ళు, వాళ్ళలో నిజంగా అప్లై చేసినవాళ్ళు, టెస్ట్‌కి వచ్చినవాళ్ళు, కటాఫ్ దాటినవాళ్ళు, సీటొచ్చినవాళ్ళు, సీటు తీసుకున్నవాళ్ళు, పదో తరగతిలో ఇంకా అక్కడే ఉన్నవాళ్ళు. ప్రతి మెట్టు దగ్గరా ఏ మిడిల్ స్కూల్ నుంచి ఎంతమంది రాలిపోతున్నారో చూశాం.

అందరూ కొట్టుకుంటున్న మెట్టు, అంటే టెస్ట్ కటాఫ్, అక్కడ తేడా ఉంది, లేదని అనను. కానీ అన్నిటికన్నా పెద్ద తేడా దానికి చాలా ముందే వచ్చేసింది. ఒకటి, అర్హత ఉండి కూడా అప్లై చెయ్యనివాళ్ళు. స్టేట్ టెస్ట్ (రాష్ట్రం పిల్లలందరికీ పెట్టే పరీక్ష) మ్యాథ్స్‌లో చాలా మంచి మార్కులున్న పిల్లలే, పెద్ద స్కూళ్ళ పిల్లలతో సమానంగా ఉన్నవాళ్ళే, అప్లికేషనే లేదు. రెండు, అంతకన్నా పైన, అసలు అర్హతే లేనివాళ్ళు, ఎందుకంటే ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ క్లాసులో లేరు. కుండలో లేనిది గరిటెలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

మొదట చేసింది, అది ఎందుకు పనిచెయ్యలేదు

రిపోర్ట్ ఇచ్చాను. ఆల్జీబ్రా సంగతి కరికులం డిపార్ట్‌మెంట్ చూసుకుంటుందిలే అని పక్కన పెట్టి, బోర్డు తొందరలో ఉంది కాబట్టి ఒక ఏడాదికి టెస్ట్ తీసేసింది. జీపీఏ, రికమెండేషన్లు, ఎస్సే, వీటికి వెయిటేజీలు. ఆ వెయిటేజీలు చూసి సరే అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, అది నా పొరపాటు, ఎందుకు పొరపాటో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు దాదాపు ప్రతి డిస్ట్రిక్ట్‌లో చూశాను.

ఉదాహరణకి జీపీఏకి 40 శాతం, ఎస్సేకి 20 శాతం అనుకుందాం. వినడానికి జీపీఏకే పెద్దపీట వేసినట్టుంటుంది. కానీ ఇలాంటి స్కూల్‌కి అప్లై చేసే పిల్లల జీపీఏ అంతా 3.7 నుంచి 4.0 మధ్యలోనే ఇరుక్కుని ఉంటుంది. వందకి మారిస్తే 92.5 నుంచి 100, అంటే తేడా ఏడున్నర. దాన్ని 40 శాతంతో హెచ్చవేస్తే 3 పాయింట్లు. ఎస్సే మార్కులేమో 40 నుంచి 100 దాకా పరుచుకుని ఉంటాయి, తేడా 60, అందులో 20 శాతం అంటే 12 పాయింట్లు. పేరుకి సగం బరువున్న ఎస్సే నిజానికి నాలుగు రెట్లు లాగుతోంది. పాలసీ కాగితం చదివిన తల్లిదండ్రులకి, బోర్డుకి, చివరికి ఎస్సేలు దిద్దేవాళ్ళకి కూడా ఈ సంగతి తెలీదు.

పైగా ఆ ఎస్సే మార్కు ఎంత నమ్మొచ్చు? అడ్మిషన్లు అయిపోయాక కొన్ని ఎస్సేలు తీసి, మొదట దిద్దినవాళ్ళ మార్కు కనపడకుండా వేరేవాళ్ళ చేత దిద్దించాం. ఒకే ఎస్సేకి ఒకరు చాలా పైన వేస్తే ఇంకొకరు మధ్యలో వేశారు, అలాంటివి ఒకటీ రెండూ కాదు. అంటే కటాఫ్ దగ్గరున్న పిల్లలకి సీటు రావడం రాకపోవడం ఆ కాగితం ఎవరి బల్ల మీద పడిందన్న దాని మీద ఆధారపడింది. ఒక టెస్ట్ మీద నమ్మకం లేక దాన్ని తీసేసి, అంతకన్నా తక్కువ నమ్మదగిన దాని చేతిలో పిల్లల్ని పెట్టాం. ఆ రోజు కమిటీ గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రికమెండేషన్ల సంగతి ఇంకో రకం, టీచర్లతో పాటు స్కూల్లో పిల్లల చదువు సంగతి చూసే కౌన్సెలర్లు కూడా ఇవి రాస్తారు. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలు మించకూడదని చెప్తుంది, ఈ డిస్ట్రిక్ట్‌లో కొన్ని స్కూళ్ళలో ఆ లెక్క ఎప్పుడో దాటిపోయింది. ఒక స్కూల్ నుంచి పేజీ నిండా లెటర్, ఆ పిల్లాడు సైన్స్ ఫెయిర్‌లో ఏం చేశాడో, ఓడిపోయినప్పుడు ఎలా తట్టుకున్నాడో అంతా రాసి ఉంది. ఇంకో స్కూల్ నుంచి "మంచి విద్యార్థి, కష్టపడతాడు" అని రెండు ముక్కలు, అదే రెండు ముక్కలు అక్కడి నుంచి వచ్చిన అందరికీ. ఆ కౌన్సెలర్‌ని తప్పుపట్టను, ఆవిడ ఆ వారం ఎన్ని లెటర్లు రాసిందో నాకు తెలుసు.

ఫలితం ఏంటంటే కొత్త స్కూళ్ళ నుంచి కొంతమంది వచ్చారు కానీ అనుకున్నంత కాదు, అర్హత మెట్టు మారలేదు కదా. వచ్చినవాళ్ళలో కొంతమందికి మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ చాలా కష్టమైంది, వాళ్ళకి తెలివి తక్కువై కాదు, వాళ్ళ మిడిల్ స్కూల్లో ఆల్జీబ్రా చెప్పిన టీచర్ ఏడాది మధ్యలో వెళ్ళిపోతే పాఠాలు సగంలో ఆగిపోయాయి. న్యూయార్క్‌లో స్పెషలైజ్డ్ హైస్కూళ్ళకి డిస్కవరీ అని ఒక ప్రోగ్రాం ఉంది, కటాఫ్‌కి కొంచెం కింద ఆగిన, తక్కువ ఆదాయం ఇళ్ళ పిల్లలకి ఎండాకాలం క్లాసులు చెప్పి తీసుకుంటారు, అలాంటి మెట్టు ఏదీ మేం కట్టలేదు. ఎస్సే కోచింగ్ మాత్రం ఆరు నెలలు తిరక్కుండానే మొదలైపోయింది.

తర్వాత టీజే పద్ధతి తెద్దామని ప్రపోజల్ వచ్చింది, ప్రతి మిడిల్ స్కూల్‌కి ఒక శాతం గ్యారంటీ. అమలు చెయ్యకముందే కాగితం మీద నడిపి చూద్దామన్నాను, ఈసారి ముందే. రెండు చోట్ల ఇబ్బంది కనపడింది. మొదటిది చిన్న స్కూళ్ళు: ఎనిమిదిలో 400 మంది ఉంటే 1.5 శాతం అంటే 6 సీట్లు, 60 మంది ఉంటే 0.9, దాన్ని కిందికి కుదిస్తే సున్నా, పైకి తీసుకుంటే ఒకటి, ఒక స్కూల్ పిల్లల భవిష్యత్తు రౌండింగ్ మీద పడుతుంది. రెండోది గిఫ్టెడ్ సెంటర్లు: వేరే ఏరియా పిల్లల్ని బస్సెక్కించి ఆ సెంటర్‌కి పంపేది డిస్ట్రిక్టే, ఇప్పుడు చదివే స్కూల్ లెక్కన సీట్లు పంచితే వాళ్ళందరూ ఒకరితో ఒకరు అవే కొన్ని సీట్ల కోసం పోటీ పడాలి. డిస్ట్రిక్ట్ మాట విని వెళ్ళినందుకు నష్టపోవడం అన్నమాట. అందుకే చదివే స్కూల్ కాకుండా ఇల్లు ఏ స్కూల్ జోన్‌లో ఉందో దాని ప్రకారం లెక్కపెట్టాలని పట్టుపట్టాను. కొంతమంది దీన్ని పెద్ద స్కూళ్ళ పక్షం వహించడం అనుకున్నారు. నాకు మాత్రం అది న్యాయంగానే అనిపించింది, ఇప్పటికీ అంతే.

బోనస్ పాయింట్ల ఐడియా కూడా వచ్చింది, తక్కువ ఆదాయం ఎక్కువున్న స్కూళ్ళ పిల్లలందరికీ పది పాయింట్లు అని. బోస్టన్ ఎగ్జామ్ స్కూళ్ళలో (అక్కడి సెలెక్టివ్ పబ్లిక్ స్కూళ్ళు) అలా పెట్టాక, కొన్ని ఏరియాల్లో కటాఫ్ ఎంత పైకెళ్ళిందంటే బోనస్ రాని స్కూల్ పిల్లలు పూర్తి మార్కులు తెచ్చుకున్నా వాళ్ళు కోరుకున్న స్కూల్లో సీటు అందని పరిస్థితి వచ్చింది, తర్వాత అక్కడ దాన్ని సవరించుకోవాల్సి వచ్చింది. ఎంత బాగా రాసినా తలుపు తెరుచుకోదని ఒక పిల్లకి చెప్పే రూల్ ఏదైనా సరే, దాని ఉద్దేశం ఎంత మంచిదైనా, నేను సంతకం పెట్టలేనన్నాను.

ఆ షీట్

రెండో ఏడాది నేను ఆల్జీబ్రా సంగతి వదల్లేదు. ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా సెక్షన్‌లోకి పిల్లల్ని ఎవరు, ఎప్పుడు ఎంపిక చేస్తున్నారో చూపించమని అడిగితే, ఒక మిడిల్ స్కూల్లో ఆఫీసు బీరువాలోంచి ఒక ఫోల్డర్ తీసి ఇచ్చారు. ఆరో తరగతి చివర్లో మ్యాథ్స్ టీచర్ నింపే షీట్. వరసకొక పిల్ల, పేరు కాకుండా నంబరే ఉన్న కాపీ నాకిచ్చారు. నాలుగు గళ్ళు: క్లాసులో పాల్గొంటుందా, హోంవర్క్ టైంకి ఇస్తుందా, ఇంట్లోవాళ్ళు ఆసక్తి చూపిస్తున్నారా, చివర్లో టీచర్ సిఫార్సు. మార్కుల గడి లేదు.

ఒక వరస దగ్గర ఆగాను. చివరి గడిలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి మళ్ళీ రబ్బరుతో చెరిపేసిన మరక ఉంది. హోంవర్క్ గడిలో "తరచూ లేటు". ఆ నంబరుతో స్టేట్ టెస్ట్ ఫైల్లో వెతికితే ఆ స్కూల్లో ఆ ఏడాది మ్యాథ్స్‌లో పైనుంచి మొదటి కొద్దిమందిలో ఉంది ఆ పిల్ల. టీచర్‌ని అడిగాను, గుర్తుంది ఆవిడకి. "తమ్ముడిని స్కూల్ నుంచి తీసుకొచ్చి, అమ్మ వచ్చేదాకా చూసుకునేది. ఆల్జీబ్రాలో హోంవర్క్ ఎక్కువుంటుంది, తట్టుకోలేదేమోనని భయపడ్డాను" అంది. ఆ టీచర్‌ది చెడ్డ మనసు కాదు, ఆ పిల్ల మీద ప్రేమతోనే చెరిపింది. ఒకే ఆల్జీబ్రా సెక్షన్, సీట్లు తక్కువ, ఎవరినో ఒకరిని ఆపాలి. కానీ పన్నెండేళ్ళ వయసులో చెరిగిపోయిన ఆ టిక్కుతో రెండేళ్ళ తర్వాత ఆ హైస్కూల్‌కి అప్లై చేసే అర్హతే పోయింది, ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. మేం రెండేళ్ళుగా కొట్టుకుంటున్న టెస్ట్ ఆ పిల్ల దాకా రానేలేదు.

ఆ షీట్ కాపీ తీసుకెళ్ళి కమిటీ టేబుల్ మీద పెట్టాను. అంతకుముందు చూపించిన గ్రాఫులన్నిటికీ రాని నిశ్శబ్దం దానికి వచ్చింది.

పనిచేసింది

మొదటిది ఆల్జీబ్రా. సిఫార్సు పద్ధతి తీసేసి, స్టేట్ టెస్ట్‌లో ఒక స్థాయి దాటిన ప్రతి పిల్లనీ ఆటోమేటిగ్గా ఆ దారిలో పెట్టి, వద్దనుకుంటే తల్లిదండ్రులే రాసి ఇచ్చేలా తిప్పాం. ఇది మా సొంత ఆలోచనేం కాదు, నార్త్ కరోలినా 2018లోనే చట్టం చేసింది, టెక్సస్ 2023లో చేసింది. అడిగినవాళ్ళకే ఇవ్వడం, అందరికీ ఇచ్చి వద్దన్నవాళ్ళని వదిలెయ్యడం, ఈ రెండిటి మధ్య తేడా ఒక ఫారమే అనిపిస్తుంది కానీ ఎవరికి ఆ ఫారం గురించి తెలుసు అన్నదే మొత్తం కథ.

రెండోది టెస్ట్. వెనక్కి తెచ్చాం, కానీ శనివారం కాదు, మామూలు వారం రోజున, ఎవరి మిడిల్ స్కూల్లో వాళ్ళకి, ఎనిమిదో తరగతి పిల్లలందరికీ, అప్లికేషన్ లేకుండా. ఫ్లోరిడాలో ఒక పెద్ద డిస్ట్రిక్ట్ గిఫ్టెడ్ ప్రోగ్రాం కోసం రెండో తరగతి పిల్లలందర్నీ స్క్రీన్ చేస్తే, టీచర్లూ తల్లిదండ్రులూ అంతకుముందు గుర్తించని పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు చాలామంది బయటపడ్డారు. కమిటీలో టెస్ట్ వ్యతిరేకించిన ఒక మేడమ్ దీన్ని ఒప్పుకోవడానికి టైం పట్టింది. ఆవిడ వాదన బలమైనదే, న్యూయార్క్‌లో 1971 చట్టం ప్రకారం టెస్ట్ ఒక్కటే చూసి సీటిచ్చే స్టైవెసంట్‌లో 2019లో ఆఫర్ వచ్చిన 895 మందిలో నల్లజాతి పిల్లలు ఏడుగురే. నేను చెప్పిందేంటంటే, అక్కడ టెస్ట్ ఒక్కటే మొత్తం తేల్చేస్తోంది, మనం దాన్ని పిల్లల్ని ఆపడానికి కాదు, కనిపెట్టడానికి వాడుకుందాం అని.

మూడోది సీట్ల పంపకం. షికాగోలో సెలెక్టివ్ హైస్కూళ్ళకి 30 శాతం సీట్లు మొత్తం సిటీ ర్యాంక్ ప్రకారం, మిగతావి ఇంటి ఏరియా ఆర్థిక పరిస్థితిని బట్టి నాలుగు టియర్లుగా (అంచెలుగా) విడగొట్టి ఇస్తున్నారు. ఆ ఆలోచన తీసుకుని మా దగ్గర ఒక భాగం డిస్ట్రిక్ట్ మొత్తం ర్యాంక్, ఇంకో భాగం ఇంటి జోన్ లోపల ర్యాంక్ అని పెట్టాం, చిన్న జోన్లని పక్క జోన్‌తో కలిపేశాం, రౌండింగ్ బాధ పోయింది. డిస్ట్రిక్ట్‌లో పై ర్యాంక్ వచ్చిన పిల్ల ఎక్కడున్నా ఆగదు, ఏ జోన్ కూడా ఖాళీ చేతులతో ఉండదు. కలిపే ముందు టెస్ట్, జీపీఏ రెండిటి మార్కులూ ఒకే మేర పరుచుకునేలా మార్చాం, కాగితం మీద రాసిన బరువే నిజంగా పడేలా. ఎస్సే ఉంది కానీ మార్కు లేదు, స్కూల్‌లో చేరాక టీచర్లు చదువుకోవడానికి మాత్రమే. రికమెండేషన్లు పూర్తిగా తీసేశాం.

కటాఫ్ దగ్గర ఒకటీ అరా మార్కు తేడాలో ఉన్నవాళ్ళ మధ్య నిజంగా తేడా లేదు, టెస్ట్‌కి ఎప్పుడూ కొంత కొలత లోపం ఉంటుంది, అక్కడ లాటరీ వేద్దామని నేను గట్టిగానే అడిగాను. ఓడిపోయాను. లాటరీ అనే మాట వినగానే రెండు పక్షాలూ మొదటిసారి ఒక్కటై వద్దన్నాయి. మ్యాథ్స్ గ్రేడ్‌తో టై తేలుస్తున్నారు ఇప్పుడు. నేను ఒప్పుకోను కానీ అది వాళ్ళ డిస్ట్రిక్ట్.

ఇంకో నిర్ణయం గురించి చెప్పాలి, చాలా తలనొప్పి పెట్టింది. ఏ ప్లాన్ ఎంచుకోవాలో తేల్చేముందు ఒక్కో ప్లాన్‌లో ఏ జాతి పిల్లలు ఎంతమంది వస్తారో లెక్కకట్టాలా? కట్టకపోతే ఎవరికి దెబ్బ తగులుతుందో తెలీదు, కడితే రేపు కోర్టులో ఆ నంబర్ల కోసమే ప్లాన్ ఎంచుకున్నారంటారు. టీజే కేసులోనూ, బోస్టన్ కేసులోనూ సభ్యులు ఒకరికొకరు పంపుకున్న మెసేజ్‌లు కోర్టు దాకా వెళ్ళాయి. మేం ఆదాయం, ఇంటి జోన్, ఇంట్లో మాట్లాడే భాష, వీటి మీదే సిమ్యులేషన్ నడిపాం, ప్లాన్ ఖరారు చేసి కారణాలన్నీ రాసి మినిట్స్‌లో పెట్టాక, ఆ తర్వాతే ప్రతి గుంపుకీ ఏమైందో చూసి పబ్లిక్‌గా పెడతామని మాటిచ్చాం. ఏషియన్ తల్లిదండ్రుల్లో చాలామందికి ఉన్న భయం, తమ పిల్లల సంఖ్య తగ్గించడమే దీని అసలు ఉద్దేశమని, ఆ భయం గాల్లోంచి రాలేదు, దానికి మాటలతో కాదు, అలా వరసగా రాసిన కాగితాలతోనే జవాబు చెప్పగలం.

పార్కింగ్‌లో ఆయన అడిగింది కూడా పాలసీలోకి వచ్చింది. కొత్త రూల్ ఆ ఏడాది ఆరో తరగతిలో ఉన్నవాళ్ళ నుంచే మొదలు, అప్పటికే ఏడు, ఎనిమిదిలో ఉన్నవాళ్ళకి ఆ టెస్ట్ పాత సిలబస్‌తో, డిస్ట్రిక్ట్ ర్యాంక్ భాగం ఎక్కువగా. బోర్డులో ఒకరు, అన్యాయం అని తెలిశాక ఇంకో రెండేళ్ళు ఎందుకు ఆగాలి అని అడిగారు, ఆ ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఆగిన ఆ రెండేళ్ళలో చిన్న స్కూళ్ళలో కొంతమంది నష్టపోయారు. కానీ పిల్లల్ని ఒక దారిలో నడవమని చెప్పింది కూడా డిస్ట్రిక్టే, ఆ మాటకి విలువ లేకపోతే తర్వాత చెప్పే ఏ రూల్‌నీ ఎవరూ నమ్మరు. వాళ్ళబ్బాయికి సీటొచ్చిందో లేదో నాకు తెలీదు, నా దగ్గరుండేది పేర్లు లేని ఫైలే.

ఇప్పుడు ప్రతి జోన్ నుంచీ పిల్లలున్నారు. పెద్ద స్కూళ్ళ వాటా తగ్గింది, ఆ తగ్గినదాంట్లో ప్రతి సీటు వెనకా కష్టపడి చదివి సీటు రాని ఒక పిల్లాడున్నాడు, సీట్లు పెరగకుండా పంపకం మారిస్తే అది తప్పదు, అది దాచి మాట్లాడేవాళ్ళని నేను నమ్మను. చేరబోయే పిల్లలందరికీ నాలుగు వారాల ఎండాకాలం మ్యాథ్స్ క్లాస్ పెట్టారు, దూరం జోన్లకి బస్సు వేశారు, మొదటి సెమిస్టర్‌లో వెనకబడేవాళ్ళు బాగా తగ్గారు. నన్నడిగితే ఫార్ములా కన్నా ఆ బస్సే ఎక్కువ పనిచేసింది.

తెగని సంగతి ఒకటుంది. ఆటోమేటిక్ ఆల్జీబ్రా అన్నాక కొన్ని మిడిల్ స్కూళ్ళలో రెండో సెక్షన్ కావాలి, దానికి టీచర్ కావాలి. రెండు స్కూళ్ళలో ఆ పోస్టులు ఒక గ్రాంట్ డబ్బు మీద నడుస్తున్నాయి, అది ఈ ఏడాదితో అయిపోతోంది. టీచర్ లేకపోతే మళ్ళీ ఒకే సెక్షన్, మళ్ళీ ఎవరినో ఒకరిని ఆపాలి. వచ్చే నెల బడ్జెట్ మీటింగ్‌కి ఒక పేజీ నోట్ రాసి పంపాను, దాని మీద ఆ ఆరో తరగతి షీట్ కాపీ పిన్ చేశాను, ఆ చెరిపిన టిక్కు ఉన్న వరస పైకి కనపడేలా మడిచి.